చుట్టూ నీళ్ళు, నడుమ నేల



మాకు చదువు చెప్పిన మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసంలో ఇంతకుముందు పెద్దలు శాసనాల మీద, ఆలయాల మీద మాట్లాడారు. నేను మధ్యయుగపు ఇంగ్లండు పల్లెల్లో చుట్టూ కందకం తవ్వుకుని కట్టుకున్న ఇళ్ళ గురించి, వాటి ఆనవాళ్ళను అక్కడివాళ్ళు కాపాడుకుంటున్న తీరు గురించి మాట్లాడతాను. మాస్టారు మమ్మల్ని ఊళ్ళ వెంట తిప్పేటప్పుడు ఒక మాట తరచు అనేవారు: రాజు పేరు తెలిసిన కోటకు చూసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, పేరు లేని దిబ్బకే మనిషి కావాలి. ఇంగ్లండు కందకాల కథ అచ్చంగా పేరు లేని దిబ్బల కథ. ఆ కథకు మన దేశంతో ఒక సంబంధం కూడా ఉంది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

ముందు అవి చూడడానికి ఎలా ఉంటాయో చెప్పాలి. చాలాచోట్ల ఇల్లు లేదు. పొలం మధ్యలో ఒక వెడల్పాటి కాలువ నలుచదరంగా తిరిగి ఉంటుంది. దాని నడుమ అర ఎకరమో, ఎకరమో నేల దీవిలా మిగిలి ఉంటుంది. కాలువలో కొన్నిచోట్ల ఏడాదంతా నీళ్ళుంటాయి, కొన్నిచోట్ల చలికాలంలోనే చేరతాయి. ఒక పక్క పూడిపోయి లోపలికి దారి ఏర్పడి ఉంటుంది. దీవి మీద చెట్లు, ముళ్ళపొదలు, తాకితే దద్దుర్లు లేచే నెటిల్ మొక్కలు. ఆ మొక్కలు అక్కడ దట్టంగా పెరగడానికి కారణం ఉంది. మనుషులు, పశువులు తరతరాలుగా మసలిన నేలలో ఫాస్ఫేట్లు పేరుకుంటాయి, నెటిల్‌కు అదే బలం. ఇళ్ళు పోయి ఆరేడు వందల ఏళ్ళైనా అక్కడ కాపురాలుండేవని ఆ మొక్క చెబుతూనే ఉంటుంది.

ఇంగ్లండులో ఇలాంటి చోట్లు దాదాపు 6,000 గుర్తించారు. దేశమంతటా చెదురుమదురుగా ఉన్నా, మధ్య, తూర్పు జిల్లాల్లో బాగా చిక్కగా ఉన్నాయి. ఎసెక్స్, సఫోక్ వైపు నేల బరువైన బంకమన్ను. తవ్విన గొయ్యిలో నీళ్ళు ఇంకిపోకుండా నిలుస్తాయి, రాళ్ళు కట్టి సున్నం పూయాల్సిన పని లేదు. ఇలాంటివి ఐర్లండులోనూ ఉన్నాయి. అక్కడ ఆంగ్లో-నార్మన్లు స్థిరపడిన వెక్స్‌ఫర్డ్ వంటి ఆగ్నేయ ప్రాంతాల్లో ఎక్కువ. నా మాట మాత్రం ఇంగ్లండుకే పరిమితం.

ఈ కందకాలు ఎక్కువగా తవ్వింది 1250కి, 1350కి మధ్య. ఎవరు తవ్వించారు, దేనికి తవ్వించారు అన్నదే అసలు ఆసక్తికరమైన ప్రశ్న. కందకం అనగానే మనకు శత్రువు, ముట్టడి, నిచ్చెనలు గుర్తొస్తాయి. కానీ ఈ కాలువలు సైన్యాన్ని ఆపగలిగేవి కావు. దొంగను ఆపుతాయి, పశువులు దాటిపోకుండా చూస్తాయి. పూరికప్పు ఇంటికి నిప్పంటుకుంటే చేతికందే దూరంలో నీళ్ళుంటాయి. చేపలు పెంచుకోవచ్చు. బంకనేలలో ఇంటిచుట్టూ బురద కాకుండా వాననీరు లాగేస్తాయి. ఇవన్నీ నిజమైన ప్రయోజనాలే. కానీ ఇంత మట్టి తవ్వించడానికి ఇవి చాలవు. చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకునే కారణం హోదా. ఊరి భూస్వామి ఇంటిచుట్టూ నీళ్ళుంటే, కొత్తగా నాలుగు డబ్బులు చేరిన చిన్న జమీందారు కూడా తన ఇంటిచుట్టూ నీళ్ళు తిప్పుకున్నాడు. గోడ మీద కోటకొమ్మలు కట్టుకోవాలంటే రాజుగారి అనుమతిపత్రం తెచ్చుకోవాలి. కందకానికి అది అక్కర్లేదు. కూలీలు, పారలు ఉంటే చాలు.

వార్విక్‌షైర్‌లో ఆర్డెన్ అనే అడవి ప్రాంతం ఉంది. భూగోళ శాస్త్రవేత్త బ్రయన్ రాబర్ట్స్ అక్కడి కందకాలను పరిశీలించినప్పుడు ఒక సంగతి బయటపడింది. వాటిలో చాలావాటికి ప్రభువులతో సంబంధం లేదు. అడవి కొట్టి కొత్తగా సాగులోకి తెచ్చుకున్న భూముల్లో, స్వతంత్ర హక్కు ఉన్న రైతులు తవ్వుకున్నవి అవి. ఈ ముక్క నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. రాజపత్రాల్లో, పన్నుల చిట్టాల్లో ఒక గీతగా తప్ప కనిపించని మనిషి, నేల మీద మాత్రం తన గీత తానే గీసుకున్నాడు. ఆ కాలం పల్లెల్లో ఎవరి చేతికి డబ్బు వచ్చింది, ఎవరు పైకి వచ్చారు అన్నది ఈ గుంటల మ్యాపు చెప్పినంత సూటిగా కాగితాలు చెప్పవు. తరవాత 1315 నుంచి వరసగా కరువు, 1348లో మహమ్మారి. ఊళ్ళు పాడుబడ్డాయి, కూలి రేట్లు పెరిగాయి. ఆ తరవాతా కందకాలు తవ్వారు గానీ మునుపటి జోరు లేదు.

ఇక కందకం లోపలికి దిగుదాం.

నీళ్ళు నిలిచిన గుంట అడుగున గాలి ఆడదు. గాలి లేనిచోట కుళ్ళు మెల్లగా సాగుతుంది. అందుకే దీవి మీద పొడినేలలో తవ్వితే పెంకులు, ఎముకలు, గోడ పునాదులు దొరికితే, కాలువ అడుగు నల్లటి బురదలో తోలు చెప్పులు, చెక్క గిన్నెలు, తాళ్ళ ముక్కలు, పండ్ల గింజలు, పురుగుల రెక్కలు, చుట్టుపక్కల పెరిగిన పంటల పుప్పొడి దొరుకుతాయి. ఇంట్లో మరుగుదొడ్డి చాలాచోట్ల కందకంలోకే తెరుచుకునేది. అందువల్ల ఆ ఇంటివాళ్ళు ఏం తిన్నారు, కడుపులో ఏ నులిపురుగులతో బాధపడ్డారు కూడా తెలుస్తుంది. వంతెన పునాది దుంగలు బురదలో నిలబడి ఉంటే, వాటి వలయాలు లెక్కపెట్టి ఆ చెట్టు ఏ కాలంలో కొట్టారో చెప్పవచ్చు. బురద పొరలు పొరలుగా పడుతుంది. అడుగు పొర తవ్విన తరానిది, పై పొర వదిలేసిన తరానిది. ఆ వరస చెడిపోతే గింజ గింజే, చెప్పు చెప్పే, కానీ ఎవరివో ఎప్పటివో చెప్పలేం.

కందకం ఉన్న ఇంట్లో జరిగిన ఒక సంఘటన చెప్పి ముందుకు వెళతాను. వార్విక్‌షైర్‌లోనే బాడెస్లీ క్లింటన్ అని ఒక ఇల్లుంది, ఇప్పటికీ చుట్టూ నీళ్ళతో నిలిచి ఉంది. ఎలిజబెత్ రాణి కాలంలో కాథలిక్ పాదిరీలు దేశంలో ఉండడమే నేరం. 1591 అక్టోబరులో హెన్రీ గార్నెట్ అనే జెసూట్ మతగురువు, ఆయన సహచరులు ఆ ఇంట్లో సమావేశమయ్యారు. తెల్లవారుజామున సోదా బలగం తలుపు తట్టింది. ఇంటికింద పాత మురుగుకాలువ ఉంది, కందకంలోకి తెరుచుకునేది. దాన్ని ముందే రహస్యస్థలంగా మార్చి ఉంచారు. మతగురువులు అందులోకి దిగి, పాదాలు నీళ్ళలో మునిగి ఉండగా, నాలుగు గంటలు నిశ్శబ్దంగా నిలబడ్డారు. పైన సోదా చేసేవాళ్ళు గదులన్నీ గాలించి వెళ్ళిపోయారు. ఆ గుంపులో ఉన్న జాన్ జెరార్డ్ తరవాత ఈ సంగతి రాసిపెట్టాడు. ఎవరో 200, 300 ఏళ్ళ ముందు హోదా కోసం తవ్వించుకున్న కందకం, మురుగు కోసం కట్టుకున్న కాలువ, మనుషుల ప్రాణాలు కాపాడాయి. బాడెస్లీ ఇప్పుడు చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. టికెట్ కొని ఎవరైనా చూడవచ్చు.

కెంట్‌లోని ఐట్హమ్ మోట్ ఇంకా పేరుపొందిన ఇల్లు, 14వ శతాబ్దంలో మొదలైంది. 1953లో చార్ల్స్ హెన్రీ రాబిన్సన్ అనే అమెరికన్ దాన్ని కొని కాపాడి, 1985లో చనిపోతూ నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చారు. ఆ తరవాత 1989లో మొదలుపెట్టి 2004 దాకా, కోటి పౌండ్లకు పైగా ఖర్చుపెట్టి దూలం దూలం విప్పి బాగుచేశారు. మంచి పనే. కానీ 6,000లో ఇలాంటి అదృష్టం పట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతావాటికి ఇల్లూ లేదు, కథా లేదు, టికెట్టూ లేదు. వాటి గతి ఏమిటన్నదే ఈరోజు నా ప్రశ్న.

చట్టం దగ్గర మొదలుపెడతాను. బ్రిటన్‌లో పురాతన కట్టడాల మీద మొదటి చట్టం 1882లో వచ్చింది. జాన్ లబక్ ఏళ్ళ తరబడి పార్లమెంటులో పట్టుబట్టి తెచ్చిన చట్టం అది. మొదటి జాబితాలో ఐర్లండుతో కలిపి 68 స్థలాలు. దాదాపు అన్నీ స్టోన్‌హెంజ్ లాంటి ప్రాచీన కాలపు రాళ్ళూ, సమాధి దిబ్బలూ. మధ్యయుగపు గుంటలు వాళ్ళ దృష్టికే రాలేదు. పైగా యజమాని ఒప్పుకుంటేనే ప్రభుత్వం చెయ్యి వేయగలిగేది. సొంత ఆస్తి మీద సర్కారు పెత్తనమేమిటన్నది అప్పటి పార్లమెంటు సభ్యుల పట్టుదల.

మన దేశంతో సంబంధం అన్నది ఇక్కడే. 1899 నుంచి 1905 దాకా వైస్రాయిగా ఉన్న కర్జన్‌ను మన దేశం బెంగాల్ విభజనతో గుర్తుపెట్టుకుంది, అది న్యాయమే. అదే కర్జన్ 1902లో జాన్ మార్షల్‌ను పురావస్తు శాఖ అధిపతిగా తెచ్చాడు, 1904లో పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చాడు. తన సొంత దేశానికి తిరిగి వెళ్ళాక, 1911లో లింకన్‌షైర్‌లోని టాటర్షల్ కోట ఆయన కళ్ళబడింది. జోడు కందకాల నడుమ 15వ శతాబ్దపు ఇటుక గోపురం. దాని రాతి నిప్పుగూళ్ళను ఊడబెరికి అమెరికాకు అమ్మేయడానికి సిద్ధం చేశారు. కర్జన్ కోటను కొని, ఆ నిప్పుగూళ్ళను వెనక్కి తెప్పించి, యథాస్థానంలో పెట్టించాడు. ఆ గొడవ నుంచే 1913 చట్టానికి ఊపు వచ్చింది. యజమాని ఇష్టాయిష్టాలతో పని లేకుండా ప్రభుత్వం అడ్డుకునే అధికారం ఆ చట్టంతో వచ్చింది. పాలితుల దేశంలో 1904లోనే సాధ్యమైన పని, పాలకుల దేశంలో భూస్వాముల ఆస్తిహక్కు అడ్డుపడడం వల్ల ఇంకో తొమ్మిదేళ్ళు ఆగింది. ససెక్స్‌లో నీళ్ళ మధ్య నిలిచిన బోడియమ్ కోటను కూడా ఆయన కొన్నాడు. 1925లో చనిపోతూ రెండింటినీ నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చాడు. బోడియమ్ కందకాన్ని ఆయన ఎండగట్టించి, పూడిక తీయించి శుభ్రం చేయించాడు. ఆ రోజులకు అది గొప్ప సేవ. ఇవాళ ఏ పురావస్తు శాస్త్రవేత్తా ఆ పనిని అంత తేలిగ్గా ఒప్పుకోడు. ఎందుకో ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది, చరిత్ర ఉన్నది ఆ పూడికలోనే.

ప్రస్తుతం అమల్లో ఉన్నది 1979 చట్టం. దాని కింద ఇంగ్లండులో దాదాపు 20,000 స్థలాలు షెడ్యూలు అనే రక్షిత జాబితాలో ఉన్నాయి, కందకాల ఇళ్ళు వాటిలో ఒక పెద్ద తరగతి. షెడ్యూలులో చేరిన చోట తవ్వాలన్నా, చెత్త పోయాలన్నా, నీటితో ముంచాలన్నా ముందు అనుమతి కావాలి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ తిప్పడం కూడా నేరం. భూమి మాత్రం యజమానిదే. జనం లోపలికి రావచ్చని చట్టం చెప్పదు.

ఈ షెడ్యూలు పత్రాలు చదువుతుంటే ఒకచోట నేను ఆగిపోతాను. మనుషులు కాపురముంటున్న ఇంటిని ఈ చట్టం కింద షెడ్యూలులో పెట్టకూడదు. దానికి వేరే చట్టం, వేరే జాబితా ఉన్నాయి. కానీ కందకపు దీవి మీద ఇప్పటికీ రైతు ఇల్లున్నచోట ఏం రాస్తారంటే: ఇల్లు, కంచెలు, దారి మీద పరిచిన రాళ్ళు ఈ రక్షణ నుంచి మినహాయింపు, వాటి కింద ఉన్న నేల మాత్రం రక్షణలోనే ఉంటుంది. వంటింట్లో పొయ్యి వాళ్ళిష్టం. వంటింటి కింద మట్టి చట్టం కాపలాలో. కాపురాన్ని కదపకుండా చరిత్రను కాపాడడానికి ఇంత నేర్పుగా గీత గీయవచ్చని మనం నేర్చుకోవాల్సి ఉంది.

చట్టం ఇంత పకడ్బందీగా ఉన్నా నష్టం ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆహారధాన్యాల ఉత్పత్తి పెంచాలని ప్రభుత్వమే సబ్సిడీలు ఇచ్చింది. పెద్ద ట్రాక్టర్లు వచ్చాయి. పొలం మధ్య అడ్డంగా ఉన్న గుంటను బుల్డోజరుతో పూడ్చి, దీవిని చదును చేసి, కంచెలు పీకేసి ఏకచెక్క చేశారు. తూర్పు జిల్లాల్లో చాలా కందకాలు అలా పోయాయి. అప్పుడే కొందరు ఆచార్యులు, బడిపంతుళ్ళు, స్థానిక ఔత్సాహికులు కలిసి కందకాల అధ్యయన బృందం పెట్టుకుని, ఊరూరా తిరిగి జాబితాలు రాయడం మొదలుపెట్టారు. 1978లో ఎఫ్.ఎ. ఏబర్గ్ సంపాదకత్వంలో ఆ అధ్యయనాల సంపుటి వచ్చింది. 1986లో ఆ బృందం, పాడుబడ్డ ఊళ్ళను అధ్యయనం చేసే బృందంతో కలిసిపోయింది. జీతం రాని పని చేసిన ఆ మనుషుల జాబితాలు లేకపోతే, తరవాత ప్రభుత్వం షెడ్యూలులో చేర్చడానికి చాలా పేర్లు ఉండేవి కావు.

ఆక్స్‌ఫర్డ్‌షైర్ చాల్‌గ్రోవ్ ఊళ్ళో బారంటిన్ కుటుంబపు కందకం ఇంటిని 1976 నుంచి 1979 దాకా తవ్వారు. స్థలం పోయేలోగా తవ్వి రాసుకోవాలనే తొందరలో చేసిన తవ్వకం. పూర్తి నివేదిక అచ్చైంది 2005లో. పాతికేళ్ళ పైచిలుకు. తవ్వడం సులువు, దాన్ని చదివి రాయడానికి ఒక తరం పడుతుంది. కాబట్టి తవ్వకుండా తడిగా వదిలేయడమే చాలాచోట్ల అన్నిటికన్నా మంచి కాపలా.

తడిగా వదిలేయడం అన్నానే, అదీ అనుకున్నంత తేలిక కాదు. పక్క పొలంలో లోతుగా గొట్టాలు వేసి నీరు లాగేస్తే కందకం మీద ఎవరూ చెయ్యి వేయకుండానే ఎండిపోతుంది. ఎండితే గాలి చేరుతుంది, 700 ఏళ్ళు నిలిచిన తోలు, కర్ర కొద్ది కాలంలోనే పిండైపోతాయి. చెట్ల వేళ్ళు పొరల్లోకి దిగుతాయి. కుందేళ్ళు, బాడ్జర్లు గట్లలో బొరియలు తవ్వుతాయి. బాడ్జర్‌కు మళ్ళీ వేరే చట్టం రక్షణ ఉంది. కాలువలో ఉండే గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే బల్లిలాంటి ఉభయచరానికీ చట్టరక్షణ ఉంది. ఒక గుంట మీద మూడు రకాల అనుమతులు. ఇంకో చిక్కు, మునుపు దున్నిన షెడ్యూలు నేలను అదే తీరులో దున్నుకోవడానికి చట్టం కొన్ని షరతులతో సాధారణ అనుమతి ఇచ్చేసింది. ఏటేటా నాగలి ఒక్కో పొర గీసుకుంటూ పోతుంటుంది.

దీనికి వాళ్ళు కనుక్కున్న దారుల్లో నాకు నచ్చింది రైతుకు డబ్బివ్వడం. 1991లో మొదలైన కంట్రీసైడ్ స్ట్యువర్డ్‌షిప్ వంటి పథకాల కింద, పొలంలో పురాతన స్థలం ఉన్న రైతు ఆ ముక్కను దున్నకుండా గడ్డినేలగా ఉంచితే ప్రభుత్వం ఏటా పరిహారం ఇస్తుంది. నోటీసు అందుకున్న రైతు ఆ గుంటను శత్రువుగా చూస్తాడు. పరిహారం అందుకున్న రైతు దాన్ని ఆస్తిగా చూస్తాడు. వారసత్వాన్ని కాపాడమని మనం నీతులు చెప్పేది ఎప్పుడూ పేదవాడికే. ఆ కాపలాకు అయ్యే ఖర్చు మాత్రం మనం పంచుకోం.

ఇక మన ఇంటి సంగతి. ఇంగ్లండు రైతులు ఆర్డెన్ అడవిలో కందకాలు తవ్వుకుంటున్న ఆ 13వ శతాబ్దంలోనే, ఓరుగల్లులో గణపతిదేవుడి రాతికోట చుట్టూ రుద్రమదేవి కాలంలో మట్టికోట లేచింది. రెండు ప్రాకారాలకూ కందకాలు. కీర్తితోరణాల ఫోటో అందరి ఇళ్ళలో ఉంటుంది. మట్టికోట ఫోటో ఎవరి దగ్గరా ఉండదు. మట్టిగట్టు కోతకు గురవుతోందనీ, కందకం ఆక్రమణల పాలవుతోందనీ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కేంద్ర రక్షణలో ఉన్న స్థలానికి 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం అని 2010 సవరణ చెబుతోంది. ఓరుగల్లు పరిస్థితే ఇదైతే, ఏ జాబితాలోనూ లేని పల్లె మట్టికోటలు, బురుజులు, పాడుబడ్డ గడీల చుట్టూ పూడిన కందకాలు ఎవరి లెక్క? చెరువు మట్టి తోలుకెళ్ళే ట్రాక్టరుకు పాత కోట దిబ్బకూ, మామూలు మట్టి దిబ్బకూ తేడా తెలియదు. తెలియజెప్పాల్సిన కాగితం మన దగ్గర లేదు.

ఆ కాగితం తయారుచేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఇంగ్లండులో దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో బడిపంతుళ్ళూ ఉన్నారు. ఈ సభలో కాలేజీ అధ్యాపకులు ఉన్నారు, రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఉన్నారు, ఊళ్ళో పొలమున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ఊరి మట్టికోట ఏ సర్వే నంబరులో ఉందో గ్రామపటంలో చూసి రాసుకోండి. కందకం ఏ వైపు మిగిలిందో, ఏ వైపు పూడిందో, అందులో నీరుందో లేదో రాయండి. నాలుగు దిక్కుల నుంచీ ఫోటో తీయండి. ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో ఆ పేరుతోనే రాయండి. ఒక ప్రతి పంచాయతీకి, ఒక ప్రతి రాష్ట్ర పురావస్తు శాఖకు పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. పూడిక తీయించి బాగుచేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే, ముందు పురావస్తు శాఖ వాళ్ళను పిలిచి చూపించేదాకా ఆపండి. వచ్చే ఏడాది ఇదే సభకు ఒక్కొక్కరూ ఒక్కో ఊరి కాగితం పట్టుకుని రావాలని మిమ్మల్నందరినీ కోరుతున్నాను.